సబ్బుబిళ్ళ పికప్ సంగతి తర్వాత, ముందు తూకం చూడండి

పాతిక వేల లోపు, భుజం లాగని బరువులో, సోప్‌బార్ సింగిల్ కాయిల్ పికప్‌లున్న ఎలక్ట్రిక్ గిటార్ హైదరాబాద్‌లో దొరుకుతుందా అని అడిగారు. పికప్ అంటే తీగల కదలికను పట్టి యాంప్లిఫయర్‌కు పంపే భాగం, అందులో ఒకే తీగచుట్ట ఉంటే సింగిల్ కాయిల్. పీ-90 అనే రకం సబ్బుబిళ్ళలా ఉంటుంది కాబట్టి దాన్ని సోప్‌బార్ అంటారు. ధర, బరువు, పికప్ మూడూ ఒకే గిటార్‌లో కావాలని తిరిగితే చెప్పులు అరుగుతాయి. నేను ఆరు నెలలు అరగదీశాను. చివరికి వేరే దారిలో దొరికించుకున్నాను, అది చెప్తాను.

నాకు నలభై రెండేళ్ళు, నడుములో డిస్క్ సమస్య. ఆదివారాలు తార్నాకలో మిత్రులతో కలిసి రెండు గంటలు నిలబడి వాయిస్తాను. అప్పట్లో నా దగ్గరున్నది నాలుగు కిలోలు దాటిన గిటార్. సోమవారం పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఫిజియోథెరపీకి పెట్టిన డబ్బుతో ఇంకో గిటార్ వచ్చేది.

మొదట అందరిలాగే షాపులకు వెళ్ళాను. ఒక షాపులో కుర్రాడు ఫెండర్ కంపెనీ జాజ్‌మాస్టర్ తరహా గిటార్ తీసి, ఇదే సోప్‌బార్ సార్ అన్నాడు. పైకి చూస్తే అదీ సబ్బుబిళ్ళలాగే ఉంటుంది, కాని లోపల వేరే సంసారం. పీ-90లో కాయిల్ కింద రెండు పట్టీ అయస్కాంతాలు పడుకుని ఉంటాయి, పైకి కనిపించేవి ఉక్కు మరలు. జాజ్‌మాస్టర్‌లో కనిపించే ఆ గుండ్రటి ముక్కలే అయస్కాంతాలు, కాయిల్ కూడా అప్పడంలా పలచగా వెడల్పుగా చుట్టి ఉంటుంది. మోతలో ఆ తేడా తెలుస్తుంది. గిబ్సన్ కంపెనీ 1946లో తెచ్చిన పీ-90లో గొంతు బొంగురుగా, మందంగా ఉంటుంది, గట్టిగా మీటితే కసురుకుంటుంది. వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే మళ్ళీ మంచి పిల్లాడైపోతుంది. దాని కోసమే కదా మీరూ నేనూ ఈ తిప్పలు పడేది. అమ్మేవాళ్ళు ఈపాటి తెలుసుకోరు. పైగా గిటార్‌కు చుట్టిన ప్లాస్టిక్ కవర్ విప్పమంటే ముఖం చిట్లిస్తారు.

కాగితం మీద చూస్తే మీ ప్రశ్నకు జవాబు గిబ్సన్ వాళ్ళ చవక బ్రాండ్ ఎపిఫోన్ చేసే లెస్ పాల్ స్పెషల్. సోప్‌బార్లు రెండు ఉంటాయి, ఒళ్ళు పలచన. అదీ చూశాను. ఒకే మోడల్‌వి రెండు గిటార్లు ఒకే గోడకు వేలాడుతుంటే తూచాను. ఒకటి 3.9 కిలోలు, రెండోది 3.4. మహాగని చెక్క కదా, ఏ దుంగ నుంచి వచ్చిందో దాన్నిబట్టి బరువు మారుతుంది. యమహా రెవ్‌స్టార్‌లో కూడా సోప్‌బార్లున్న మోడల్ ఉంది, ఒళ్ళు లోపల అక్కడక్కడా తొలిచి తేలిక చేస్తారు, కాని అది అగ్గువ వస్తువు కాదు. ఎపిఫోన్ కూడా కొత్తది నా లెక్కకు అందలేదు. ఇలా అడిగినవాళ్ళకు "ఇంకొంచెం దాచుకుని అసలు గిబ్సనే కొనండి" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళ నడుముకు ఏమీ కాలేదని అర్థం.

అప్పుడు నాకు వెలిగింది. పికప్‌ను మార్చుకోవచ్చు, చెక్క బరువును తగ్గించలేం. కాబట్టి ముందు తేలికైన ఒళ్ళు కొనాలి.

సెకండ్‌హ్యాండ్ ప్రకటన చూసి మల్కాజిగిరిలో ఒక ఇంటికి వెళ్ళాను. రైల్వేలో రిటైరైన పెద్దాయన. కొడుకు డాలస్ వెళ్ళిపోతూ ఎస్‌జీ (గిబ్సన్ వాళ్ళ రెండు కొమ్ముల పలచటి గిటార్) ఆకారంలో ఉన్న గిటార్ వదిలేశాడు. నేను జేబులోంచి సూట్‌కేసులు తూచే వేలాడే త్రాసు తీశాను. అమెరికా వెళ్ళే బ్యాగు 23 కిలోలు దాటకూడదని ఇంటింటికీ ఒకటి కొనుక్కుంటాం కదా, అదే. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఇదేంది బాబూ, టమాటలు కొంటున్నవా?" అన్నారు. నడుము సంగతి చెప్పాను.

గిటార్ తలకాయ కింద పట్టీ చుట్టి ఎత్తితే 2.9 వచ్చింది. నా మొహం చూసి ఆయన లోపలికి వెళ్ళి వాళ్ళ త్రాసు తెచ్చారు. "మీ ఆంటీ ఆవకాయ డబ్బాలు దీంతోనే తూస్తది, ఇది కరెక్టు." దాంట్లో 3.0. "చూసినవా, వంద గ్రాములు ఎక్కువున్నది. దాని పైసలు కూడా ఇయ్యాలె" అని నవ్వారు. ఆంటీ టీ తెచ్చి, రెండూ తప్పే, ఇరవై మూడని మా త్రాసు చూపించిన పెట్టె ఎయిర్‌పోర్టులో ఇరవై నాలుగు తూగింది అన్నారు. 14,000కు బేరం కుదిరింది. బయల్దేరుతుంటే, "ఒక్కసారి వాయించు" అని అడిగారు. యాంప్ లేదు. ఉత్త తీగల మీదే నాలుగు కార్డులు వాయించాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు.

దాంట్లో ఉన్నవి హంబకర్లు, అంటే కరెంటు గుయ్‌మనకుండా రెండు కాయిల్స్ పెట్టిన పికప్‌లు. అసలు సోప్‌బార్ హంబకర్ కంటే పొడుగు, పెట్టాలంటే చెక్క తొలవాలి. నాకు అంత ధైర్యం లేదు. హంబకర్ సైజులోనే చేసిన పీ-90లు దొరుకుతాయి, ఉన్న గాడిలోనే కూర్చుంటాయి. సబ్బుబిళ్ళ అందం ఉండదు, మోతలో మాత్రం నాకు లోటు కనిపించలేదు. కోఠి గుజరాతీ గల్లీ దగ్గర పాత యాంప్లిఫయర్లు బాగుచేసే ఒకాయనకు ఇచ్చాను. జన్మలో గిటార్ విప్పలేదట. వైరు చూసి, "ఇది మైకు వైరే కదా సార్" అని, వాల్యూమ్ పాట్ (తిప్పే గుబ్బ కింద లోపల ఉండే భాగం) వెనక బ్లేడుతో గీకి, పెద్ద సోల్డరింగ్ ఐరన్ పెట్టి పది నిమిషాల్లో అతికించాడు. నాలుగేళ్ళయింది, ఊడలేదు.

ఒక తలనొప్పి ముందే చెప్పాలి. సింగిల్ కాయిల్ కాబట్టి మన 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌మని వినిపిస్తుంది. చాలా అద్దె ఇళ్ళలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది కాని వెనక ఎర్త్ వైరు ఉండదు, దాంతో ఆ గుయ్ ఇంకా పెరుగుతుంది. ఓనర్‌ను అడిగితే, "ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదే" అంటాడు. ఫ్యాన్ రెగ్యులేటర్‌కు దూరంగా కూర్చోండి. పికప్‌లు రెండూ జతగా కొనండి, ఒకదాన్ని రెండోదానికి వ్యతిరేక దిశలో చుట్టి, అయస్కాంతం కూడా తిప్పి పెట్టిన జత అయితే, రెండూ కలిసి పలికేలా పికప్ స్విచ్ మధ్యలో పెట్టగానే ఆ గుయ్‌మనే మోత ఆగిపోతుంది. నేను ఇంట్లో సగం వాయింపు అక్కడే.

ఎస్‌జీ ఆకారం కొంటే గిటార్ తల బరువుకు దాని మెడ కిందికి వాలుతుంది. జారే నైలాన్ పట్టీ వద్దు, లోపలివైపు గరుకుగా ఉండే తోలు పట్టీ వెయ్యండి. త్రాసు మాత్రం మర్చిపోకండి. నాది ఇప్పుడు మా అత్తగారి దగ్గరుంది, జూన్ దాకా తిరిగి రాదు.