డీఓ సీటు వదులుకునే ముందు

చి. సుధకు,

డెట్రాయిట్ నుంచి మామయ్య ఆశీస్సులు.

మేఘనకి డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) సీటు వచ్చిందని ఫోన్లో నువ్వు చెప్పిన తీరుకి, వచ్చిందో పోయిందో నాకు అర్థం కాలేదు. ఎండీ కాలేజీ వెయిట్‌లిస్టు కదలకపోతే ఇది వదిలేసి, మళ్లీ మెడికల్ ఎంట్రన్స్ ఎంక్యాట్ రాయిద్దామని అల్లుడుగారు అంటున్నారట. ఆ మాట ఖాయం చేసుకునేలోపు ఈ ఉత్తరం ఇద్దరూ చదవండి.

డీఓ అంటే అమెరికాలో ఎండీలాగే డాక్టరయ్యే ఇంకో దారి. ఇది మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మొదలుపెట్టిన చదువు. అప్పటి మందుల మీద ఆయనకి నమ్మకం పోయింది. ఇప్పటి డీఓలు మందులూ రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. 50 రాష్ట్రాల్లోనూ ఎండీలకున్న హక్కులే వాళ్లకీ ఉన్నాయి. చదువు అదే నాలుగేళ్లు, పైన చేతివైద్యం ఓ 200 గంటలు. మా మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఎండీ కాలేజీ, డీఓ కాలేజీ రెండూ ఉన్నాయి.

ఆ చేతివైద్యం క్లాసులో పిల్లలు ఒకరి వీపు ఒకరు తడిమి, ఏ వెన్నుపూస పక్కన కండ బిగిసిందో వేళ్లతో పట్టడం నేర్చుకుంటారు. అందులో అన్నీ నేను నమ్మను. పుర్రె ఎముకలు సర్దడం లాంటివాటికి సరైన రుజువు లేదు. డీఓల్లోనే చాలామంది డిగ్రీ అయ్యాక దాని జోలికి పోరు. కానీ నెలలు నిండిన మనిషికి నడుం నొప్పి వస్తే అన్ని మాత్రలూ ఇవ్వలేం కదా. మా వార్డులో డిగ్రీ అయ్యి శిక్షణలో ఉన్న డీఓ రెసిడెంట్ ఒకమ్మాయి అలాంటామెను పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాలు మడిపించి, నడుం కింద అరచేత్తో నెమ్మదిగా అదిమింది. కాసేపటికి ఆమె ఎవరి సాయం లేకుండా లేచి కూర్చుంది. ఆ అరచెయ్యి నాకు లేదు.

తేడా కనబడేది పరీక్షల్లో. డీఓ వాళ్లకి వాళ్ల లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్ తప్పదు. పోటీ ఎక్కువున్న స్పెషాలిటీ కావాలంటే చాలామంది ఎండీలు రాసే యూఎస్ఎంఎల్ఈ కూడా రాస్తారు. ఫీజూ రెండింతలు, టెన్షనూ రెండింతలు. 2022 నుంచి యూఎస్ఎంఎల్ఈ మొదటి భాగం స్టెప్ 1కి మార్కులు లేవు, పాసా ఫెయిలా అంతే. అందుకని ఇప్పుడందరి కన్నూ స్టెప్ 2 మీదే.

డిగ్రీ అయ్యాక చేసే రెసిడెన్సీలు 2020కల్లా ఎండీలకీ డీఓలకీ ఒకే వ్యవస్థ కిందికి వచ్చాయి. ఫ్యామిలీ మెడిసిన్, పిల్లల వైద్యం లాంటివాటిలో డీఓలు బోలెడుమంది. న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, డెర్మటాలజీలో మాత్రం చిన్నచూపు పూర్తిగా పోలేదు. మేఘన వాటి మీద పట్టుబడితే అల్లుడుగారి మాట ఆలోచించాల్సిందే. నాతో మాట్లాడినప్పుడల్లా పిల్లల డాక్టరవుతానంటుంది మరి! తానా సభల్లో అడిగేవాళ్లకి ఏం చెప్పాలన్నది మీ సమస్య, దాన్ని పిల్ల నెత్తిన పెట్టకండి.

నా బెంగ వేరే. చాలా డీఓ కాలేజీలకి సొంత ఆసుపత్రి ఉండదు. మూడో ఏడు రొటేషన్లకి, అంటే వార్డుల్లో పని నేర్చుకోడానికి, ఊరూరా పంపుతారు. గది అద్దె, కారు ఖర్చు మనవే. కొన్నిచోట్ల రెసిడెంట్లే ఉండరు, ఒక డాక్టరు వెనకాల నిలబడి చూడడంతో సరి. ఏ ఆసుపత్రులు, ఏడాదంతా ఒకేచోటా, పిల్లల వార్డు ఉందా, అక్కడ రెసిడెంట్లు ఉన్నారా అని కనుక్కోండి. అడ్మిషన్ ఆఫీసు ఎలాగూ తీపి కబుర్లే చెబుతుంది, మూడో ఏడు చదివే పిల్లల్ని అడగమను.

డబ్బు సంగతీ చూడండి. 2026 జూలై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ అప్పు లేదు. ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. డీఓ కాలేజీలు ఎక్కువ ప్రైవేటువే కాబట్టి మిగతాది ఎక్కణ్ణుంచి తేవాలో ఇప్పుడే కాగితం మీద వేసుకోండి.

రొటేషన్లు బాగుంటే సీటు తీసుకోమనే చెబుతాను. వచ్చిన సీటు వద్దని మళ్లీ దరఖాస్తు పెడితే, కొన్ని కాలేజీలు ఎందుకు వదిలావని అడుగుతాయి. వెయిట్‌లిస్టు చూస్తూ డిపాజిట్ గడువు దాటనివ్వకండి. ఆదివారం మేఘనని నాకు ఫోన్ చెయ్యమను, నువ్వు లైన్లో ఉండకు.

ఇట్లు,
మీ మామయ్య