హైరింగ్ మేనేజర్‌కి నేరుగా మెసేజ్ పెడితే పనవుతుందా?

అవుతుంది, సరైన మనిషికి పెడితే. రిక్రూటర్ దగ్గర వందల రెజ్యూమేలు ఉంటాయి. ఖాళీ వల్ల ఇబ్బంది పడేది టీమ్ మేనేజర్, హైరింగ్ మేనేజర్ అంటే ఆయనే. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేజీ తెరిచి, ‘పీపుల్’లో హైదరాబాద్ ఫిల్టర్ పెట్టి, ఇంజనీరింగ్ మేనేజర్, డెలివరీ మేనేజర్ అని వెతకండి.

లోపలివాళ్లెవరైనా రిఫర్ చేస్తామంటే మాత్రం పోర్టల్‌లో అప్లై చేయకుండా ఆగండి. చాలా కంపెనీల్లో ముందే అప్లై చేసినవాళ్లకి రిఫరల్ చెల్లదు.

మెసేజ్ 200 అక్షరాల్లో ముగించండి. ‘రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఎ హార్డ్‌వర్కర్’ అని మొదలుపెడితే ఎవరూ చదవరు. ఇంగ్లిష్‌లోనే, ఈ అర్థం వచ్చేలా: ‘జాబ్ ఐడీ ఇది. ఇలాంటి పనిలోనే 40 నిమిషాలు పట్టే ప్రోగ్రామ్‌ని 6 నిమిషాలకి తెచ్చాను. నోటీస్ 30 రోజులు. రెజ్యూమే పంపమంటారా?’ నోటీస్, అంటే రాజీనామా చేశాక పాత కంపెనీలో పనిచేయాల్సిన గడువు, 90 రోజులైతే దాచకండి, ఆఫర్ దశలో బెడిసికొట్టేది అదే.

వారం ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. నంబరు సంపాదించి వాట్సాప్ చేయడం, గచ్చిబౌలి ఆఫీసు గేటు దగ్గర రెజ్యూమే పట్టుకుని నిలబడటం వద్దు, సెక్యూరిటీ దాటదు. మేనేజర్‌నంటూ ఎవరైనా డబ్బడిగితే బ్లాక్ చేసేయండి. అది డబ్బుకి ఉద్యోగం ఇప్పిస్తామనే బ్యాక్‌డోర్ బేరం.