అమ్మకు ‘కరెంటు’ ఆలస్యం.. హైదరాబాద్ తీసుకెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. 25 సిట్టింగులు రేడియేషన్, వారానికోసారి కీమో, తర్వాత లోపలి నుంచి కూడా కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు. విశాఖలో మేం చూపిస్తున్న ఆసుపత్రిలో మూడు వారాల తర్వాత డేట్ ఇచ్చారు. అమెరికాలో మా పిన్నికి ఇంత ఆలస్యం కాలేదు. ఈలోగా జబ్బు ముదిరిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. హైదరాబాద్ తీసుకెళ్లమంటారా?
- ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: హైదరాబాద్ వద్దమ్మా. అక్కడికెళ్తే ప్లానింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి, అక్కడా క్యూ ఉంటుంది. పైగా దాదాపు రెండు నెలలు ఊరు కాని ఊళ్లో గది తీసుకుని ఉండాలి. మీకు దగ్గర్లోనే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రిపోర్టులు పట్టుకెళ్లి ఇంతకన్నా ముందు డేట్ దొరుకుతుందేమో అడగండి. దొరికేదాకా చేతిలో ఉన్న డేట్ మాత్రం వదులుకోవద్దు.

ఆ డేట్ ప్లానింగ్ స్కాన్‌కా, మొదటి సిట్టింగ్‌కా అన్నది కూడా కనుక్కోండి. స్కాన్ తీశాక గర్భాశయానికి ఎంత డోసు పడాలి, మూత్రాశయానికి, పేగులకు ఎంత తగ్గాలి అని మెడికల్ ఫిజిసిస్ట్ లెక్క కట్టడానికే కొన్ని రోజులు పడుతుంది. మిషన్ కొన్నంత సులువుగా ఈ మనుషులు దొరకరు. ఒక్కొక్కరు తయారవడానికి ఏళ్లు పడుతుంది.

అమెరికా మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. క్యాన్సర్ వచ్చినవాళ్లలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు రేడియేషన్ కావాలి. మన దేశంలో పది లక్షల మందికి ఒక మిషన్ చొప్పున కూడా ఇంకా లేదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ రేడియేషన్ వైద్యం లేని దేశాలకు దాన్ని అందించడానికి 2022లో ‘రేస్ ఆఫ్ హోప్’ (ఆశాకిరణాలు) కార్యక్రమం మొదలుపెట్టేనాటికి ఆఫ్రికాలో 20కి పైగా దేశాల్లో ఈ వైద్యమే లేదు. ఉగాండాలో దేశం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క కోబాల్ట్ రేడియేషన్ మిషన్ 2016లో బాగుచేయడానికి వీల్లేకుండా పాడైపోయింది. కొంతమందిని కెన్యా పంపించారు. మిగతావాళ్లు ఏమయ్యారోనని ఇప్పటికీ అనిపిస్తుంటుంది. మీ అమ్మగారికి వచ్చిన క్యాన్సర్ ఎక్కువగా పేద దేశాల ఆడవాళ్లకే వస్తుంది, ముదిరాక దానికి రేడియేషనే ప్రధాన వైద్యం. అదే అక్కడ దొరకదు.

మీకు దొరికింది. ఇక మొదలుపెట్టాక గ్యాప్ రానివ్వకండి. లోపలి నుంచి పెట్టేదానితో కలిపి మొత్తం ఎనిమిది వారాల్లో అయిపోవాలి. వరి కోతలనీ, ఇంట్లో పెళ్లనీ మధ్యలో పది రోజులు మానేసి వచ్చినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం చూశాను. పొట్ట మీద ఇంకుతో గీసిన గీతలు స్నానంలో రుద్దేయకూడదు. సిట్టింగ్‌కు ముందు నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటారు. మూత్రాశయం నిండితే పేగులు పైకి జరిగి దెబ్బతినకుండా ఉంటాయి. కష్టమే అయినా రోజూ చేయించండి.

ఈ మూడు వారాల్లో హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) పరీక్షలు చేయించండి. రక్తం తక్కువుంటే ఎక్కించాలి. ఎన్టీఆర్ వైద్య సేవ అప్రూవల్ కూడా ఇప్పుడే పెట్టించండి. బ్లీడింగ్ బాగా ఎక్కువైతే మాత్రం డేట్ కోసం చూడకుండా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అలాంటప్పుడు క్యూతో పనిలేకుండా రేడియేషన్ వెంటనే మొదలుపెట్టే వీలుంటుంది.