లీకైనట్టే, లీకై ఉండొచ్చు: రెండూ ఒకటేనా?

సందేహం: మా నాన్నగారికి కాకినాడలో పెద్దపేగు ఆపరేషన్ అయింది. మూడో రోజు రక్తపరీక్షలో సీఆర్‌పీ 180 వచ్చింది. తమ్ముడు ఫోన్ చేసి "లోపల కుట్టు లీకైనట్టే" అన్నాడు. డాక్టరుగారేమో "లీకై ఉండొచ్చు, స్కాన్ తీద్దాం" అన్నారట. రెండూ ఒకటేగా అంటాడు తమ్ముడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: ఒకటి కాదమ్మా. ఆస్పత్రి మాటల్లో ఈ తేడా పోతే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

"లీకైన" మీద "అట్టు" చేరితే అలా అనిపిస్తోందని, దాని మీద "ఏ" కూడా పడితే ఇక తేలిపోయిందని అర్థం. కోటిపల్లి రేవు దాటితే అమలాపురం వచ్చేసినట్టే అంటాం, అందులో అనుమానం లేదు. "వచ్చు" అలా కాదు. వాన పడొచ్చు అంటే కళ్ళంలో ధాన్యం మీద బరకం కప్పుతాం గానీ పంట పోయిందని ఏడవం కదా.

సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రోటీన్, ఒంట్లో వాపు గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉంటే రక్తంలో పెరుగుతుంది. మామూలుగా లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. పొట్ట కోసి పెద్ద ఆపరేషన్ చేస్తే, అంతా సవ్యంగా ఉన్నా సరే అది పెరిగి, రెండో రోజుకో మూడో రోజుకో బాగా ఎక్కువై, ఆ తర్వాత దిగడం మొదలవుతుంది. మూడు నాలుగు రోజులకి కూడా 150 దాటి ఉంటే డాక్టర్లు కుట్టును అనుమానిస్తారు. అయితే నిమోనియా వచ్చినా, పైన కోత చీము పట్టినా అది పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ అంకెకి "ఉండొచ్చు" ఒక్కటే సరిపోతుంది. అదే నాలుగో రోజుకి బాగా దిగి, మనిషి కూడా కులాసాగా ఉంటే "లీకు లేనట్టే" అనడం దాదాపు న్యాయమే. ఈ పరీక్ష బలం అక్కడే ఉంది: లీకు ఉందని తేల్చలేదు, లేదని చెప్పడంలో గట్టిది.

ఈ రెంటికీ మధ్య "లీకైనట్టుంది" అని ఇంకోటి ఉంది. జ్వరం, పొట్ట ఉబ్బరం లాంటివి కళ్ళారా చూసినవాళ్ళు అనాల్సిన మాట అది. పొట్టలోని ద్రవం బయటికి రావడానికి పెట్టిన డ్రైన్ గొట్టంలో మలం కనిపిస్తే మాత్రం "లీకైనట్టే".

ఆపరేషన్‌కి ముందు చూసే ఆల్బుమిన్‌కీ (రక్తంలో ఉండే ఇంకో ప్రోటీన్) ఇదే వరస. డెసిలీటరుకు 3.5 గ్రాముల కంటే తక్కువుంటే "కోలుకోవడం ఆలస్యం కావొచ్చు" అని రాయాలి, "ఆలస్యమవుతుంది" అని తేల్చెయ్యడం నాకు అస్సలు నచ్చదు, చదివేది రోగి ఇంటివాళ్ళు.

బంధువులకి ఫోన్ చేసేటప్పుడు "సీఆర్‌పీ ఎక్కువుంది, లీకై ఉండొచ్చని స్కాన్ తీస్తున్నారు" అని చెప్పమనండి మీ తమ్ముణ్ణి.