ఐస్ హాకీలో తోటి ఆటగాడి కోసం కొట్లాటకు ఎందుకు దిగుతారు?

కోపం ఒక్కటే కాదు, అది కాపలా కూడా. ఉత్తర అమెరికాలోని పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 1980లలో ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు తరఫున వేన్ గ్రెట్జ్‌కీ గోల్స్ కొడుతుంటే, అతని జోలికి ఎవరూ రాకుండా అదే జట్టులోని డేవ్ సెమెంకో చూసుకునేవాడు. గ్లవ్స్ మంచు మీద పడేసి, ఎదుటివాడి జెర్సీ ఒక చేత్తో గుంజి పట్టుకుని రెండో చేత్తో గుద్దుతారు. మామూలుగా ఇద్దరికీ 5 నిమిషాల పెనాల్టీ, అంటే అంతసేపు ఆట బయట కూర్చోవాలి. 1992 నుంచి గొడవ మొదలుపెట్టినవాడికి అదనంగా ఇంకో 2 నిమిషాలు; ఆ కాసేపూ అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. దాంతో పగ తీర్చుకోవడం సొంత జట్టుకే నష్టమైంది.

తోటివాడికి అండగా నిలబడటం నాకు నిజంగా నచ్చుతుంది. తలకు తగిలే దెబ్బలే భయం. ఇదే పని చేసిన డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే చనిపోయాడు. పదేపదే తల దెబ్బలు తిన్నవాళ్లలో కనిపించే సీటీఈ అనే జబ్బు అతని మెదడులో బయటపడింది.