సోషియాలజీ థీసిస్‌ని మామూలు జనం చదివేలా తెలుగులో ఎలా రాయాలి?

పీహెచ్‌డీ పూర్తయింది, థీసిస్ ఇంగ్లీషులో ఉంది, తెలుగులోకి అనువదిస్తే జనం చదువుతారా అని అడిగారు. అనువదించకండి. నేను ఆ పని చేసి చేతులు కాల్చుకున్నాను.

మాది విశాఖ. పెదజాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్ల అప్పుల మీద నా థీసిస్. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2009లో తెచ్చిన నిబంధన పుణ్యమా అని మన థీసిస్‌లు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భండారంలోకి చేరతాయి కదా, నాదీ అక్కడే ఉంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. గైడు, ఎగ్జామినర్లు తప్ప ఎవరైనా చదివారని నాకైతే నమ్మకం లేదు.

ముందు ఒక అధ్యాయం తెలుగు చేశాను. "అసంఘటిత రుణ వ్యవస్థలో లింగ ఆధారిత అసమానతలు" అంటూ మొదలవుతుంది. మా అమ్మ రెండు పేరాలు చదివి కళ్లజోడు తీసేసి, "ఇంగ్లీషులోనే నయంరా" అంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

అప్పుడు ఫీల్డ్ నోట్‌బుక్కులు తిరగేశాను. కావలసిన తెలుగంతా వాటిలోనే ఉంది. నేను "ఇన్‌ఫార్మల్ క్రెడిట్" (బ్యాంకుల బయట చేసే అప్పు) అని రాసినదానికి పేటలో ఒక్క మాట లేదు. చేబదులు వేరు, డైలీ ఫైనాన్స్ వేరు, హార్బర్లో అరువు మీద సరుకెత్తి సాయంత్రం గంప ఖాళీ అయ్యాక కట్టేది వేరు. చేబదులు తీరకపోతే మొహం చాటేస్తారు. డైలీ ఫైనాన్స్ వాడైతే ఇంటిముందుకొచ్చి నిలబడతాడు. నేనేమో అన్నిటినీ ఒకే టేబుల్లో ఒకే కాలమ్‌లో పడేశాను. మీరూ థీసిస్ మూసేసి నోట్‌బుక్కుల నుంచి రాయండి.

రాశాక పేటకి తీసుకెళ్లి చదివాను. గుడి అరుగు మీద ఏడెనిమిది మంది ఎండు నెత్తళ్లు ఏరుకుంటూ విన్నారు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. "ఆ రెండు నెలలూ ఆడవాళ్ల వ్యాపారం ఆగిపోతుంది" అని చదివేసరికి ఒకావిడ చెయ్యి ఆగింది. "ఆగిపోద్దని నీకెవలు సెప్పినారు బాబూ? సెలవు మగోలికి గానీ మాకేటి సెలవు? ఎండుసేపలు అమ్మమా, సెరువు సేపలు తెచ్చి అమ్మమా?" వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ప్రొఫెసర్లెవరూ పట్టుకోని తప్పు అది. బోట్లు ఒడ్డున కనబడితే పేటంతా ఆగిపోయిందనుకున్నాను నేను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. వ్యాసం తీసుకున్న ఎడిటర్ "ఒక మనిషి కథ కూడా ఉంటే బాగుంటుంది" అన్నారు. ఆదరాబాదరా చేర్చాను, అది మాత్రం ఎవరికీ చదివి వినిపించలేదు. థీసిస్‌లో నంబరుగా ఉన్న మనిషికి మారుపేరు పెట్టాను. కానీ భర్త బోటు మీద నడుం విరగ్గొట్టుకున్నది, చిన్న కూతురి పెళ్లికి అప్పు చేసింది అలాగే ఉంచాను. అచ్చయిన రోజే పేటంతా గుర్తుపట్టేసింది. ఆ అప్పు సంగతి అల్లుడివైపు వాళ్లకి అంతవరకూ తెలియదట. వారం తర్వాత వెళ్తే ఆవిడ అరవలేదు, టీ కూడా ఇచ్చింది. "నా పేరు రాయనేదు గానీ నా బతుకంతా రాసీసినావు" అంది.

ఇంగ్లీషు థీసిస్‌ని ఎవరూ చదవరు, అదే వాళ్లకి రక్షణ. తెలుగులో రాస్తే వాళ్ల వియ్యంకులు కూడా చదువుతారు. చిన్న పేటలో పేరు మారిస్తే సరిపోదు. ఇప్పుడైతే ఎవరి గురించి రాశానో ఆ పేరా వాళ్లకే చదివి వినిపిస్తాను. వద్దంటే ఎంత మంచి పేరా అయినా కొట్టేస్తాను. ఇద్దరి ముగ్గురి జీవితాలు కలిపి ఒక మనిషిని తయారు చెయ్యమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు, అది కథ అవుతుంది.

మిగతావి చిన్న విషయాలు. శాతాలు మానేసి "పది ఇళ్లలో ఇన్ని" అనండి. జర్నల్లో అచ్చయిన వాక్యాలు, టేబుళ్లు ఎత్తి పెట్టేముందు మీరు సంతకం పెట్టిన కాపీరైట్ ఫారం చూసుకోండి. నమూనా కావాలంటే జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' అనే పల్లె జీవితాల వెబ్‌సైట్‌లో తెలుగు కథనాలు చూడండి, ఫొటోలతో సహా ఉంటాయి.

ఆవిడ ఇప్పటికీ మా ఇంటికి చేపలు తెస్తుంది. బేరం మాత్రం ఆడనివ్వదు. నేనూ ఆడను.