షుగర్ ఉన్నవాళ్లలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ (కణాలని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ లాంటి పదార్థాలు ఒంట్లో మరీ ఎక్కువవడం) వల్ల కొత్త రక్తనాళాలు పెరుగుతాయా, ఆగిపోతాయా?

దీనికి విటమిన్ ఇ, సి బిళ్లలు వేసుకుంటే సరిపోతుందా అని కూడా అడిగారు కదా, దాని గురించి చివర్లో చెప్తా. మొదటి ప్రశ్నకైతే రెండూ జరుగుతాయండీ, అదీ ఒకే మనిషిలో. మా అమ్మకి కంట్లో అక్కర్లేని నాళాలు పుట్టుకొచ్చాయి, అదే టైమ్‌లో కాలి వేలి మీద పుండుకి కావాల్సిన నాళాలు రాక అది నెలల తరబడి మానలేదు. ఎందుకిలా అని డాక్టర్లని అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా.

మన కణాల్లో హిఫ్-1 అనే ప్రోటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, ఆక్సిజన్ బాగుంటే ఒక ఎంజైమ్ దానికి గుర్తు పెడుతుంది, గుర్తు పడిన కొన్ని నిమిషాల్లోనే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు, హిఫ్ మిగిలిపోయి వీఈజీఎఫ్ జీన్‌ని ఆన్ చేస్తుంది, ఆ వీఈజీఎఫే "ఇక్కడికి రక్తనాళం కావాలి" అనే కబురు. 2019 మెడిసిన్ నోబెల్ (కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జా) ఈ ఆక్సిజన్ కనిపెట్టే పద్ధతికే ఇచ్చారు. ఆ ఎంజైమ్ పనిచేయాలంటే ఇనుము కావాలి, ఫ్రీ రాడికల్స్ ఎక్కువైతే ఆ ఇనుము పాడై, ఆక్సిజన్ ఉన్నా సరే హిఫ్ మిగిలిపోవచ్చు.

ఇంకో సంగతి నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. వీఈజీఎఫ్ వచ్చి రిసెప్టర్‌కి (కణం మీద కబురు అందుకునే చోటు) తగులుకున్నాక, నాళం లోపలి పొర కణాలు కావాలనే కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేసుకుంటాయి, అది సిగ్నల్‌ని ఆపేసే ఎంజైమ్‌లని కాసేపు పక్కన పెడుతుంది. అంటే కొద్ది మోతాదులో ఇది శరీరానికి అవసరమే. మరీ ఎక్కువైతే మాత్రం సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ వెళ్లి నైట్రిక్ ఆక్సైడ్‌ని (నాళాలని వదులుగా ఉంచే వాయువు) తినేస్తుంది, ఆ నైట్రిక్ ఆక్సైడ్ లేకపోతే ఆ కణాలు కదలవు, నాళం కట్టవు.

షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ ఎక్కువ తయారవుతుంది. కంటి వెనక పొర అయిన రెటీనాలో ముందు సన్న నాళాలు దెబ్బతిని మూసుకుపోతాయి, అక్కడ ఆక్సిజన్ అందదు, దాంతో వీఈజీఎఫ్ పొంగిపోతుంది, వచ్చే కొత్త నాళాలు బలహీనంగా ఉండి కారతాయి, చిట్లుతాయి. అమ్మ "కళ్ల ముందు నల్ల దారాలు తేలుతున్నాయిరా" అన్నది ఆ చిట్లిన రక్తమే. లేజర్ పెట్టారు, ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు. లేజర్‌తో రెటీనా అంచుల్ని కాలిస్తే అక్కడ ఆక్సిజన్ అవసరం తగ్గి వీఈజీఎఫ్ తగ్గుతుంది, ఇంజెక్షన్ ఉన్న వీఈజీఎఫ్‌ని పట్టేస్తుంది కానీ కొన్ని వారాలకే దాని ప్రభావం పోతుంది, అందుకే మళ్లీ మళ్లీ పిలుస్తారు, మానేయకండి దయచేసి. ఇలాంటి మందుల్లో ఒకటైన అవాస్టిన్‌ని 2004లో అమెరికాలో ముందు పేగు క్యాన్సర్‌కి ఆమోదించారు, ట్యూమర్‌కి నాళాలు రాకుండా ఆపడానికి.

కాలి పుండు దగ్గర కథ తిరగబడింది. గ్లూకోజ్ నుంచి పుట్టే మిథైల్‌గ్లయాక్సాల్ వల్ల హిఫ్ తన తోటి ప్రోటీన్‌తో కలవలేకపోతుంది, ఆక్సిజన్ లేకపోయినా కబురు సరిగ్గా వెళ్లదు. పైగా పెద్ద నాళాల్లో అడ్డంకులు, స్పర్శ లేకపోవడం. అమ్మకి డాప్లర్ (కాలికి రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీయించి, చచ్చిన చర్మం తీసేసి, కాలి మీద బరువు పడకుండా చూసుకున్నాకే మానడం మొదలైంది.

ఇక బిళ్లల సంగతి. విటమిన్ ఇ, సి ఫ్రీ రాడికల్స్‌ని అణచడానికని వేసుకుంటారు, కానీ ఇవి సిగ్నల్‌కి అవసరమైన పెరాక్సైడ్ ఏదో, హాని చేసేది ఏదో తేడా చూడవు. 2000లో వచ్చిన హోప్ ట్రయల్‌లో, షుగర్ ఉన్నవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, రోజుకి 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చినా గుండెపోట్లు, పక్షవాతం తగ్గలేదు. షుగర్‌ని గట్టిగా కంట్రోల్ చేసినప్పుడు మాత్రం, 1993లో వచ్చిన డీసీసీటీ అనే ట్రయల్‌లో టైప్ 1 షుగర్ వాళ్లకి, కొత్తగా రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం) వచ్చే రిస్క్ 76 శాతం తగ్గింది. షాపులో "కంటికి మంచివి" అని ఇచ్చే అరెడ్స్ అనే విటమిన్ ఫార్ములా బిళ్లలు వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్య భాగం) జబ్బుకి పరీక్షించినవి, షుగర్ కంటికి కాదు. వాటి మీద పెట్టే డబ్బుతో చుక్కలు వేయించి రెటీనా చూపించుకోండి, మసక రాకపోయినా సరే, ఏడాదికోసారి.